వెనకున్నవాళ్ళు, ముందున్నవాళ్ళు

ఆ ఆస్పత్రి సర్జరీ డిపార్టుమెంటులో అమ్మానాన్నలు పెట్టిన పేర్లు గేటు దగ్గరే ఆగిపోతాయి. లోపలికొస్తే మార్కులే పేర్లు. సర్జరీ నేర్చుకునే డాక్టర్లందరికీ ఏడాదికోసారి, అన్ని ఆస్పత్రుల్లోనూ ఒకే రోజు, ఒకే పరీక్ష పెడతారు. దానికి పాసూ ఫెయిలూ లేవు. ఎవరికి ఏది రాదో వాళ్ళు తెలుసుకుని దిద్దుకోవడానికి పెట్టిన పరీక్ష అది అని నిబంధనల పుస్తకంలో రాసుంది. రాతలకేం, ఎన్నైనా రాసుకోవచ్చు! ఈ డిపార్టుమెంటు చీఫ్ మాత్రం ఫలితాలొచ్చిన రోజు నుంచీ మళ్ళీ వచ్చే ఏడాది ఫలితాలొచ్చేదాకా ఒక్కొక్కణ్ణీ వాడి మార్కుతోనే పిలుస్తాడు. "ఏయ్ అరవై ఎనిమిదీ, కత్తెర అందుకో." "ఎనభై మూడూ, ఈ గాల్‌బ్లాడరు నువ్వు తియ్యి, నేను చూస్తుంటాను." మొదట్లో వేళాకోళానికి మొదలెట్టాడట. ముదిరి ముదిరి అదే ఆచారమైపోయింది. ఇప్పుడు నర్సులు, వార్డు బాయ్‌లు, ఆఖరికి క్యాంటీన్‌లో టీ పోసే ఆయన కూడా అలాగే పిలుస్తారు.

మన కథలో మనిషి పేరు ఇరవై రెండు.

ట్రైనింగులో మూడో ఏడు. మనిషి బక్కపలచన, మాట మెత్తన. చేతులు పని చేస్తుంటే మాత్రం చూడాలి! కుట్లు విప్పడానికి వచ్చిన నర్సు "ఇదెవరు వేశారు, ఇంత చక్కగా ఉంది?" అని అడిగిన రోజులున్నాయి. ఆ విద్య ఇంట్లోంచే వచ్చింది. అతని అక్క దర్జీ. తల్లి చిన్నప్పుడే పోతే, పెద్దదైన అక్కే తమ్ముణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకుని మిషను తొక్కి పెంచింది. స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు, దిండు గలీబులు, ఏది వస్తే అది. సూదిలోకి దారం ఎక్కించి ఇవ్వడం అతని మొదటి ఉద్యోగం.

కానీ పరీక్ష చేతుల్ని అడగదు కదా! కిందటేడు ఫలితాల్లో ఇరవై రెండు అని పడింది. ఆ రోజు నుంచీ థియేటర్లో అతని పని, కోసిన పొట్ట మూసుకుపోకుండా ఇనప కొక్కెం పట్టుకుని నిలబడడం. "ఇరవై రెండూ, కదలకు." "ఇరవై రెండూ, లైటు కాస్త ఇటు." "ఇరవై రెండూ, నీ తల అడ్డం." పెద్ద నంబరు ఉన్నవాడికే కత్తి. చీఫ్ పద్ధతి అది. నంబరు లేని చేతులు ఎంత మంచివైతే ఎవడిక్కావాలి?

ఆ మార్కు గురించి అక్కకి చెప్పినప్పుడు ఆవిడ మిషను టక్కున ఆపేసింది.

"వందకి ఇరవై రెండా? నీకేనా?"

"మార్కులు కాదక్కా. దాన్ని పర్సంటైల్ అంటారు. నాతో పాటు అదే ఏడు చదివేవాళ్ళు వందమంది ఉన్నారనుకో. అందులో ఇరవై రెండుమంది నాకంటే వెనకున్నారని అర్థం."

పక్కన కూచుని అన్నం తింటున్న బావ లిఫ్ట్ మెకానిక్. లెక్క తప్పితే మనిషి గోతిలో పడే పని కాబట్టి ఇంట్లో కూడా ప్రతిదీ లెక్కేస్తాడు. "వందలో ఇరవై రెండు పోతే డెబ్బై ఎనిమిది. నిన్ను తీసేస్తే డెబ్బై ఏడు. అంటే నీ ముందు డెబ్బై ఏడుమంది ఉన్నారన్నమాట," అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, పాపం. లెక్క సగంలో వదలడం ఆయనకి చేతకాదు.

"మీరూరుకోండి," అంది అక్క. "ముందున్నవాళ్ళ గొడవ మనకెందుకు? వాళ్ళు బాగానే ఉంటారు. ఆ వెనకున్న ఇరవై రెండుమందీ ఎవరి తమ్ముళ్ళో పాపం! ఇళ్ళకెళ్ళి ఏం చెప్పుకున్నారో!"

ముగ్గురూ నవ్వుకున్నారు. కింద పడ్డవాణ్ణి లేపి, వాడి కింద ఇంకెవరైనా పడ్డారేమోనని వెతికే మనిషి ఆవిడ. బావ ముందున్నవాళ్ళని లెక్కపెడతాడు, అక్క వెనకున్నవాళ్ళ గురించి బాధపడుతుంది. ఆ ఇంట్లో సంసారం అలా సాగిపోతుండేది.

ఇరవై రెండు ఆ రోజు ఒక్క సంగతి మాత్రం దాచాడు. వరసగా రెండేళ్ళు ముప్పైకి తక్కువొస్తే ఇక థియేటర్లోకి రానివ్వరు. కొన్నాళ్ళు వార్డులో కట్లు కట్టించి, తరవాత పిలిచి కూచోబెట్టి, "బాబూ, నీకు ఇంకేదైనా దారి బాగుంటుందేమో ఆలోచించుకో" అని తియ్యగా చెప్పి పంపించేస్తారు. అతని కళ్ళముందే ఒకణ్ణలా పంపించేశారు. వాడు ఖాళీ చేసిన లాకరే ఇప్పుడితనిది. లోపల వాడి స్టిక్కరు సగం చిరిగి ఇంకా అంటుకునే ఉంది. రోజూ దాన్ని చూస్తూ బట్టలు మార్చుకోవాలి. కత్తి పట్టుకోవడం తప్ప ఇంకేదీ వద్దనుకున్న మనిషికి అంతకంటే నరకం ఏముంటుంది?

అందుకని చదువు మొదలెట్టాడు. చదువంటే పుస్తకాలనుకునేరు! ఎవరూ పుస్తకాలు చదవరిప్పుడు. ఫోన్లో వేల ప్రశ్నలుంటాయి. ప్రతి ప్రశ్నా ఒక చిన్న రోగి కథ. ఇన్నేళ్ళ మనిషి, ఇలాంటి నొప్పి, పరీక్ష చేస్తే ఇది కనిపించింది, ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిందేమిటి? కింద అయిదు జవాబులు. లిఫ్టులో ఒకటి, క్యాంటీన్ వరసలో రెండు, థియేటర్లో పేషెంటుకి మత్తిచ్చేలోపల మూడు. బాత్రూమ్‌లో ఎన్ని చేసేవాడో మనం అడగొద్దు.

ఎంత చేసినా టైము చాలేది కాదు. అప్పుడు అరవై ఎనిమిది ఒక కిటుకు చెప్పింది. ఆ అమ్మాయి అతని బ్యాచే, గడుసుది, మంచిది.

"నువ్వు కథ చదువుతున్నావు. అదే నీ తప్పు," అంది. "కథలో పడ్డావో మునిగినట్టే. ముందు ఆఖరి లైను చదువు. ఏం అడుగుతున్నాడో చూడు. తరవాత జవాబులు చూడు. అప్పుడు పైకెళ్ళి రెండు మాటలు పట్టుకో. మిగతాదంతా అలంకారం."

"పేషెంట్లు అలా చెప్పరుగా?"

"పరీక్ష పెట్టేది పేషెంట్లు కాదుగా!"

నిజమే కదా. కిటుకు పనిచేసింది. తోక నుంచి తలకి చదవడం అలవాటయ్యాక ఇరవై రెండుకి జవాబులు పటపటా తగలడం మొదలెట్టాయి. కొన్ని కథలైతే ఎన్నిసార్లొచ్చాయో, రెండు మాటలు చూస్తే చాలు, వేలు దానంతటదే వెళ్ళి జవాబు మీద వాలేది. అందులో ఒకటి అందరికీ నోటికొచ్చిన ప్రశ్న. గుండె లయ తప్పే ముసలావిడ, రక్తం పలచబడే మాత్ర మానేసింది, కడుపులో ప్రాణం పోయేంత నొప్పి, తీరా నొక్కి చూస్తే పొట్ట దూదిలా మెత్తగా ఉంటుంది. గుండెలో గడ్డకట్టిన రక్తపు ముక్క పేగుకి వెళ్ళే రక్తనాళంలో అడ్డుపడిందన్నమాట. నొప్పి కొండంత, పొట్ట మాత్రం మెత్తన. ఆ రెండూ పొసగకపోవడమే గుర్తు. వెంటనే స్కాన్, వెంటనే ఆపరేషన్. ఆలస్యమైన కొద్దీ పేగు చచ్చిపోతుంది. ఇది రాని వాడు మూడో ఏట ఉండడు.

అలవాటు చెడ్డది సుమండీ. ఫోన్లో ఉన్నది చెవుల్లోకి కూడా ఎక్కింది. వార్డులో ఎవరైనా "మొన్న మా మేనకోడలు ఇంటికెళ్తే అక్కడ..." అని మొదలెడితే, "ఇప్పుడేం ఇబ్బంది? అది చెప్పండి," అనేవాడు. అక్క దగ్గరా అంతే. ఆవిడకా, కథ మొదటి నుంచీ చెప్పకపోతే ఊపిరాడదు. పక్కింటి కుళాయి కారుతోందని చెప్పాలంటే ఆ ఇల్లు కట్టిన రోజు నుంచి మొదలెడుతుంది. ఒకప్పుడు అతను ఆ కథలు వింటూ నిద్రపోయిన పిల్లాడే. ఇప్పుడు "అక్కా, ఆఖరి మాట ముందు చెప్పు," అనేవాడు. ఆవిడ నొచ్చుకునేది కాదు. "సరే దొరగారూ, ఆఖరి మాటేమిటంటే, అన్నం తిన్నావా?" అనేది.

పరీక్ష రోజు పొద్దున్నే బస్సులో ఉండగా ఫోనొచ్చింది. అతని చెవిలో ఒక పక్క అక్క గొంతు, కళ్ళ ముందు ఆఖరిసారి తిప్పుకుంటున్న ప్రశ్నలు.

"పరీక్ష ఇవాళేగా నాన్నా? నిన్ను విసిగించకూడదనుకున్నానురా. మీ బావే చెయ్యమన్నారు. మొన్న పన్ను పీకించుకున్నానా, ఆ పళ్ళ డాక్టరేమో రక్తం ఆగదని ఆ మాత్రలు..."

"అక్కా, బస్సులో ఉన్నాను. ఇప్పుడేమైంది, అది చెప్పు."

"కడుపు నొప్పిరా. తెల్లవారుజాము నుంచీ. ఇలాంటి నొప్పి నా జన్మలో ఎరగను."

"వాంతులు?"

"ఒకసారి అయింది."

"నొక్కితే పొట్ట గట్టిగా ఉందా?"

అక్కడ బావ నొక్కి చూశాడు కాబోలు, అక్క మూలుగు వినపడింది. "లేదురా, మెత్తగానే ఉంది."

"అయితే భయం లేదు. గ్యాసు. ఆ తెల్ల మాత్ర ఉందిగా, వేసుకుని పడుకో. మధ్యాహ్నం పరీక్ష అవగానే చేస్తాను."

"సరే. నువ్వు చెప్పావుగా, ఇక నాకేం! బాగా రాయి. కంగారు పడకు," అంది ఆవిడ. కంగారు పడొద్దని ఎవరికి ఎవరు చెప్పారో చూడండి.

హాలు బయట లాకర్లున్నాయి. ఫోన్లు, వాచీలు, పర్సులు అన్నీ అందులో పెట్టించి తాళం వేయించారు. మధ్యలో లేచి బయటికెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వరు. అంతవరకూ రాసిందే లెక్క, మిగతావన్నీ తప్పుల కిందే. పర్యవేక్షణకొచ్చిన ఆవిడ ఆ సంగతి రెండుసార్లు చదివి వినిపించింది. గదిలో ఏసీ చలి, కంప్యూటర్ల వెనక ఒంచిన తలలు, ఎవడో ముక్కు ఎగబీల్చే చప్పుడు.

ఇరవై రెండు రాస్తున్నాడు. రాయడమేమిటి, పరిగెత్తుతున్నాడు! తోక, జవాబులు, రెండు మాటలు, టిక్కు. కిందటేడు ఇదే గదిలో చెమటలు పట్టిన మనిషేనా? ఇవాళ ముప్పై కాదు, అరవై దాటుతాడని అతనికే తెలిసిపోతోంది. థియేటర్లో చీఫ్ "నువ్వు తియ్యి, నేను చూస్తుంటాను" అంటున్నట్టు కూడా వినపడింది.

ఆ ఊపులోనే ఆ ప్రశ్న వచ్చింది. గుండె లయ తప్పే ముసలావిడ, మాత్ర మానేసింది, భరించలేని నొప్పి, మెత్తటి పొట్ట. పాత చుట్టం ఎదురైనట్టు నవ్వొచ్చింది. స్కాన్ అని కొట్టి తరవాతి దానికి వెళ్ళిపోయాడు. ఇంకోటి, ఇంకోటి, ఇంకోటి చేశాడు. తరవాతి ప్రశ్న దవడ వాపు గురించి. పన్ను పీకించుకున్న మనిషి.

పన్ను దగ్గర చెయ్యి ఆగిపోయింది.

పొద్దున అక్క చెప్పబోయిన వాక్యం, తను మధ్యలో తుంచేసిన వాక్యం, ఇప్పుడు తనంతట తాను పూర్తయింది. పళ్ళ డాక్టరు మాత్రలు ఆపెయ్యమన్నాడు. ఆ మాత్రలేమిటో అతనికి తెలియవా? చిన్నప్పుడొచ్చిన కీళ్ళ జ్వరం అక్క గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. లయ తప్పుతుందని, గడ్డ కట్టకుండా ఉండాలని, ఆ మాత్ర మొదటిసారి తెచ్చిచ్చింది తనే. మానొద్దని ఒట్టు వేయించుకున్నదీ తనే. ఇలాంటి నొప్పి నా జన్మలో ఎరగనంది. పొట్ట మెత్తగా ఉందంది. తనేమన్నాడు? మెత్తగా ఉంటే భయం లేదన్నాడు.

ప్రశ్నలో ముసలావిడ. అక్క ముసలిది కాదు. ప్రశ్నలో ఎవరూ "నాన్నా" అని పిలవరు, పరీక్ష బాగా రాయమనరు. అంతే తేడా. మిగతాదంతా అక్షరం పొల్లుపోకుండా అదే.

చెయ్యి ఎత్తాడు. పర్యవేక్షణావిడ చెప్పుల చప్పుడు కాకుండా నడిచొచ్చింది.

"ఏం కావాలి?"

ఆవిడ నడిచొచ్చిన ఆ కాస్సేపట్లో అతని బుర్రలో ఎన్ని తిరిగాయో ఏం చెప్పను! లేస్తే మిగతావన్నీ తప్పులు. ముప్పై రాదు. సగం చిరిగిన స్టిక్కరు. ఒకవేళ నిజంగానే గ్యాసైతే? వందమందికి కడుపునొప్పొస్తే తొంభై మందికి గ్యాసే కదా. ఇంకెంతసేపు, గబగబా పూర్తిచేసి వెళ్ళిపోవచ్చు కదా. నొప్పి ఎక్కువైతే బావ ఈపాటికి ఎక్కడికైనా తీసుకెళ్ళే ఉంటాడు కదా. మనిషి తనని తాను మోసం చేసుకోవాలనుకుంటే సాక్షులకి కరువా?

"మంచినీళ్ళు," అన్నాడు.

ఆవిడ సీసా తెచ్చి పెట్టింది. అతను తాగలేదు. తలొంచుకుని రాశాడు. అంత వేగంగా, అంత తప్పుల్లేకుండా అతనెప్పుడూ రాసి ఎరగడు. అందరికంటే ముందు లేచి బయటికొచ్చి, లాకరు తాళంచెవి రెండుసార్లు జారవిడిచాడు. ఆ చేతులే!

బావ మొదటి రింగుకే ఎత్తాడు. గొంతు తేలిగ్గా ఉంది.

"నీకే చేద్దామనుకుంటున్నాన్రా. ఇందాక వీధి చివర క్లినిక్కుకి తీసుకెళ్ళాను. ఇంజక్షన్ ఇచ్చారు. తగ్గిపోయింది. హాయిగా పడుకుంది."

ఇంకే తమ్ముడైనా హమ్మయ్య అనుకునేవాడు. ఇరవై రెండు అనుకోలేకపోయాడు. ఆ ప్రశ్నకి కింద రాసుండే వివరణ అతనికి కంఠతా వచ్చు. మొదట విపరీతమైన నొప్పి, తరవాత కాస్త నెమ్మది. అది నెమ్మది కాదు, పేగు చచ్చిపోతూ నోరు మూసుకోవడం.

"లేపు బావా. లేపి మా ఆస్పత్రికి తీసుకురా. ఇప్పుడే. అంబులెన్సు నేను పంపుతున్నా."

"ఏమైందిరా? తగ్గిందంటున్నానుగా!"

"తీసుకురా బావా!" అని వీధంతా వినపడేలా అరిచాడు.

ఎమర్జెన్సీ తలుపు దగ్గర స్ట్రెచరు దింపేసరికి ఆవిడ ఒంటి రంగు మారిపోయి ఉంది. నాడి దారప్పోగులా ఉంది. పొట్ట ఇప్పుడు మెత్తగా లేదు. కళ్ళు తెరిచి తమ్ముణ్ణి గుర్తుపట్టింది.

"బాగా రాశావా?"

"రాశానక్కా."

"ఈసారి నీ వెనక ఎంతమంది ఉంటారు?"

"చాలామందే ఉంటారు," అని బావే అందుకున్నాడు. "పాపం," అంది ఆవిడ. స్కాన్ గదిలోకి తోసుకెళ్ళారు.

చీఫ్ స్వయంగా చేశాడు ఆపరేషన్. ఇరవై రెండుని లోపలికి రానివ్వలేదు. సొంతవాళ్ళ మీద కత్తి పడేటప్పుడు ఉండకూడదన్నది అక్కడి నియమం. ఏడాది పాటు కొక్కెం పట్టుకున్న మనిషి ఆ రోజు తలుపు గాజులోంచి చూశాడు. తలుపు అంత తొందరగా తెరుచుకోకూడదు. తెరుచుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అన్నీ జరిగాయి, ఏదీ టైముకి జరగలేదు. లోపల పేగంతా నల్లబడిపోయింది. కోసి పారేస్తే బతకడానికి ఏమీ మిగలదు. అందుకని తెరిచి, చూసి, మళ్ళీ కుట్టేశారు. కుట్టింది అరవై ఎనిమిది. ఆ అమ్మాయి మాస్కు తడిసిపోయి ఉంది.

చీఫ్ చేతి తొడుగులు తీసేసి అతని భుజం మీద చెయ్యి వేశాడు. పేరుతో పిలిచాడు, నంబరుతో కాదు. "పొద్దున్నే వచ్చుంటే ఏమైనా చెయ్యగలిగేవాళ్ళం. నీకు ఫోన్ చెయ్యలేదా?"

"నేను పరీక్షలో ఉన్నాను సార్," అన్నాడు.

అబద్ధమా? కాదు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే అది గొంతుకడ్డం పడి ఈనాటికీ అక్కడే ఉంది.

ఆవిడ మర్నాడు పోయింది.

ఫలితాలు ఆ తరవాత ఎప్పుడో వచ్చాయి. సెమినార్ గదిలో అందర్నీ కూచోబెట్టి చీఫ్ ఒక్కొక్కరిదీ చదివాడు. అతని దగ్గరికొచ్చేసరికి ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తొంభై ఒకటి. ఇరవై రెండు నుంచి తొంభై ఒకటి! చూడండర్రా, మనిషి అనుకుంటే ఏమైనా చెయ్యగలడు." అందరూ చప్పట్లు కొట్టారు. కష్టంలో ఉన్నవాడికి మంచి జరిగిందని మనస్ఫూర్తిగా కొట్టారు. మంచివాళ్ళే అందరూ. ఆ నివేదికలో కింద, ఎవరెవరు ఏయే విషయాల్లో తప్పు రాశారో వేసిస్తారు, దిద్దుకోవడానికి. అతనివి కొన్నే ఉన్నాయి. థైరాయిడ్, కాలిన గాయాలు, ఇంకేవో. పేగు రక్తనాళాలు అందులో లేవు. ఉంటుందేమోనని వేలు పెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. ఉండాలని ఎంత కోరుకున్నాడో ఆ గదిలో ఎవరికీ తెలియదు. తప్పు రాసుంటే, తెలియక పోగొట్టుకున్నానని ఏడ్చుకోవచ్చు. తెలిసినవాడికి ఆ పాటి ఏడుపు కూడా లేదు.

మర్నాడు థియేటర్లో చీఫ్ కత్తి పిడిని అతని వైపు తిప్పి పట్టుకున్నాడు. "తొంభై ఒకటీ, రా. నువ్వు తియ్యి, నేను చూస్తుంటాను." తీశాడు. చక్కగా తీశాడు. కుట్టు మీద కుట్టు అక్క వేసినంత శుభ్రంగా వేశాడు.

సాయంత్రం బావ దగ్గరికి వెళ్ళాడు. ఇల్లు ఇల్లులా లేదు. మిషను మీద సగం కుట్టిన స్కూలు చొక్కా, ఒక చెయ్యి ఉంది, రెండో చెయ్యి లేదు. సూది గుడ్డలోనే దిగి ఉండిపోయింది. బావ దాన్ని తియ్యలేదు, ఎవర్నీ తియ్యనివ్వలేదు. ఇద్దరూ మిషను పక్కనే కూచున్నారు. తరవాత బావే, ఇంట్లో ఎవరో అడగాల్సిన మాట అడగకుండా మిగిలిపోయినట్టు, గుర్తు తెచ్చుకుని అడిగాడు.

"ఫలితాలు వచ్చాయటగా? ఎంత?"

"తొంభై ఒకటి బావా."

బావ వేళ్ళు ముడిచాడు. లెక్క సగంలో వదలడం ఆయనకి చేతకాదని చెప్పానుగా. "వందలో తొంభై ఒకటి పోతే తొమ్మిది. నిన్ను తీసేస్తే ఎనిమిది. అంటే నీ ముందు ఎనిమిదిమందే ఉన్నార్రా," అన్నాడు. వెనకున్నవాళ్ళ గురించి అనాల్సిన మాట కోసం మిషను వైపు చూశాడు. మిషను ఏమంటుంది?

"ఆ పొద్దున నీతో మాట్లాడాక మీ అక్క ఎంత ధైర్యంగా ఉందో తెలుసా? ఆస్పత్రికి పోదాం పదమంటే వినలేదు. వాడు గ్యాసన్నాడు, వాడికి తెలియదా అంది." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "నిన్నేమీ అనట్లేదురా. ఇంత చదివిన నీకే అందలేదంటే అదెంత మాయదారి జబ్బో! నాకొకటే అనిపిస్తుంది. నీకంటే ఎక్కువ తెలిసిన ఆ ఎనిమిదిమందిలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఆ రోజు మనకి ఫోన్లో దొరికుంటే మీ అక్క బతికేదిరా. కదూ?"

"అవును బావా," అన్నాడు తొంభై ఒకటి.